రౌండ్ చేయడం చివర్లో, ఒక్కసారే

బహ్రెయిన్‌లో చదువుకునే మన పిల్లలకి దశాంశాల విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ దీనార్‌కి వెయ్యి ఫిల్స్. డాలర్ విలువ 0.376 దీనార్లు. దాన్ని 0.38 చేసేసి వెయ్యి డాలర్లకి లెక్క కడితే 376కి బదులు 380 వస్తుంది. ఏకంగా నాలుగు దీనార్ల తేడా! పరీక్ష పేపర్లో జరిగేదీ ఇదే. మధ్యలోనే 2/3ని 0.67 అనుకుని 300తో గుణిస్తే, 200 రావాల్సిన చోట 201 వస్తుంది. అందుకే చివరిదాకా పూర్తి విలువతోనే వెళ్లాలి, జవాబు దగ్గర ఒక్కసారే రౌండ్ చేయాలి, ఎన్ని అంకెలకి చేశామో పక్కనే రాయాలి.

‘అలాగైతే కాలిక్యులేటర్ చూపించిన అంకెలన్నీ రాసేస్తే పోలా?’ అని అడగొచ్చు. పోదు. మిల్లీమీటర్ల స్కేలుతో కొలిచిన పొడవు నుంచి పది అంకెల నిజం పుట్టదు. పై (π) విలువగా తీసుకునే 22/7 కూడా మూడో దశాంశం దగ్గరే అసలు విలువకి దూరమవుతుంది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ గణితంలో మూడు సార్థక అంకెలు, కోణాలకి ఒక దశాంశ స్థానం అడగడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. ‘5 సెం.మీ.’ వేరు, ‘5.0 సెం.మీ.’ వేరు. ఆ సున్నా మిల్లీమీటరు దాకా చూసి కొలిచామని చెప్పే సాక్ష్యం. మార్కుల మాట తర్వాత. మనకి ఎంతవరకు తెలుసో అంతే చెప్పడం నిజాయితీ. పిల్లలకి ముందు నేర్పాల్సింది అదే.