లైన్ క్లియర్

18 జూలై 2025

ఎల్లుండి లాల్‌దర్వాజ బోనాలు. ఛత్రినాక గల్లీల్లో దీపాల తోరణాలు కడుతున్నారు. ఎదురింటామె కిటికీలోంచి, "అక్కా, మీ లైన్ల కరెంటు ఉన్నదా?" అనడిగింది. ఆమె లైన్ అంటే మా ఇళ్ల వరుస. వాళ్ల పెద్దకొడుకు బంగారం లైన్‌లో ఉన్నాడు, అది వృత్తి. మరిది "లైన్‌కు పోయిండు" అంటే అప్పుల మీద వారం వారం కిస్తీలు వసూలు చేయడానికని. సినిమాల్లో తిరిగే అబ్బాయి మంచి లైన్ దొరికిందంటే అది కథ. ఇన్ని ఉన్నా "ఏ లైన్?" అని ఎవరూ ఎదురడగరు. నిఘంటువుకు పేజీలు పట్టే పనిని మా గల్లీ చిటికెలో చేస్తుంది. నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

24 జూలై

పక్కింటి మేడ మీద గోడ లేస్తోంది. "లైన్‌దోరి గట్టిగ పట్టురా" అని మేస్త్రీ కేక. ఇంగ్లీషు లైన్‌కు మూలం లాటిన్ లినియా, అవిసెనార దారం. లినెన్ బట్ట పేరూ ఆ కుదురులోదే. ఉర్దూ దోరి కూడా దారమే. రెండు భాషల దారాలను పేని ఆ మేస్త్రీ ఇటుకల వరుస తిన్నగా నిలుపుతున్నాడు. మన సూత్రమూ దారమే కదా. శాస్త్రంలో నియమమైంది, పెళ్లిలో మెడకెక్కింది.

19 ఆగస్టు

పేపరు చదివాక రాయబుద్ధి కావడం లేదు. ఆదివారం రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. అందరూ చేతులతో రథం లాగుతున్నవాళ్లే.

22 ఆగస్టు

మా స్తంభం దగ్గర పని చేస్తున్న లైన్‌మన్‌ను మంచినీళ్లకు పిలిచాను. "ఎల్.సి. తీసుకున్నవా అన్నా?" అంటే, "అది లేకుండ ఎక్కనమ్మా" అన్నాడు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడర్ ఆపి, ఆపామని ఒప్పుకున్నాకే పని మొదలు. అప్పుడు కూడా తీగకు ఎర్తింగ్ చేసుకోవాలి, ఏ ఇంటి జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. పని అయ్యాక ఎల్.సి. తిరిగిచ్చేదాకా స్విచ్ వేయకూడదు. పదకొండు కేవీ తీగ, తప్పుకు రెండో అవకాశం ఇవ్వదు.

సాయంత్రం ఈ సంగతి చెబితే, రైల్వేలో రిటైరైన కాకా, "మాదీ ఆ మాటనే బిడ్డా" అన్నాడు. ముందు స్టేషన్ వాళ్లు లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి వాళ్లు బండి వదిలేవారట. పేపర్లేమో పదోన్నతులకు లైన్ క్లియర్, పొత్తుకు లైన్ క్లియర్ అని రోజూ అచ్చేస్తాయి. ఆ వాడుక తప్పనను. కానీ ఒక మనిషి తన ప్రాణాన్ని కనపడని ఇంకో మనిషి మాట మీద పెట్టే చోట పుట్టిన మాట అది. నాకు తెలిసిన లైన్‌లన్నిటిలో దీనికే ఎక్కువ గౌరవం ఇస్తాను.

23 ఆగస్టు

వినాయక చవితి చందాకు పిల్లలొచ్చారు. విగ్రహం ఏ దారిన తెస్తారు, ఎంత ఎత్తు, తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయి, అన్నీ కాగితం మీద రాయించాను. వెదురుతో తీగలు పైకెత్తుతామన్నాడు ఒకడు. వద్దని గట్టిగా చెప్పాను. సోమవారం ఆ కాగితం పట్టుకుని కరెంటాఫీసుకు వెళ్తున్నాం. కాకా కూడా వస్తానన్నాడు.