టవర్ సర్కిల్ సందులో ముస్తఫా

కరీంనగర్ టవర్ సర్కిల్ పక్క సందులోని టీవీ రిపేరు దుకాణానికి మేం వెళ్లేసరికి గుమ్మానికి అడ్డంగా ఓ గేమ్ పెట్టె ఉంది. ఆదిలాబాద్‌లో ఎప్పుడో మూతపడ్డ వీడియో గేమ్ పార్లర్‌ది. లోపలి బోర్డు పనికిరాకుండా పోయింది.

దాని స్థానంలో మెకానిక్ మేనల్లుడు పాత కంప్యూటర్ బిగించాడు. అందులో లినక్స్, దానిమీద మేమ్. పాత గేమ్ బోర్డులకు మళ్లీ ప్రాణం పోసే ఈ ప్రోగ్రామ్‌ను ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో విడుదల చేశాడు. 2016లో అది ఓపెన్ సోర్స్ అయింది. ఆడించాల్సింది క్యాప్‌కామ్ 1993 నాటి ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. పార్లర్లలో పెరిగినవాళ్లకు అందులోని పాత్ర పేరుతో ‘ముస్తఫా’ అంటేనే తెలుస్తుంది.

చిక్కంతా బొమ్మ దగ్గరే. కంప్యూటర్ వీజీఏ సెకనుకు సుమారు 31,500 గీతలు గీస్తుంది. పెట్టెలోని పిక్చర్ ట్యూబు మానిటర్ అందులో సగమే అందుకోగలదు. నేరుగా కలిపితే బొమ్మ చీలికలవుతుంది, సన్నగా కూత వస్తుంది, మానిటర్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు.

“ఆగు మామా, ఇంక డెస్క్‌టాప్ రాలే. ఇప్పుడే ఆన్ జెయ్యకు.”

బూటింగ్ తెరలు ఆ 31,500 గీతల వేగంతోనే వస్తాయి. అవి దాటేదాకా మానిటర్ ఆపే ఉంచాలి. ఈలోగా కుర్రాడు ల్యాప్‌టాప్‌లోంచి ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి, ‘ఎక్స్‌రాండర్’ ఆదేశంతో కొత్త మోడ్ రాస్తున్నాడు. ముస్తఫా బొమ్మ అడ్డంగా 384 చుక్కలు, నిలువునా 224 గీతలు. కనిపించని అంచులు కలిపితే 512, 262. చుక్కల వేగం సెకనుకు 80 లక్షలు. దాన్ని 512తో భాగిస్తే సెకనుకు 15,625 గీతలు.

ఆ అంకె వినగానే మెకానిక్ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టాడు. “గిది మన దూరదర్శన్ లెక్కనే గదరా!”

నిజమే. దూరదర్శన్ వాడిన పాల్ (PAL) పద్ధతి టీవీలో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే అదే 15,625.

కానీ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 80 లక్షల చుక్కలంత నెమ్మదికి దిగనంది. కుర్రాడు అడ్డం లెక్కలతోపాటు చుక్కల వేగాన్నీ రెట్టింపు చేశాడు: 768, 1,024, కోటీ 60 లక్షలు. గీతల వేగం మారలేదు. మానిటర్ ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది, కానీ పైకి దొర్లుతోంది. పొద్దున ప్యాటర్న్ జనరేటర్ పెట్టి మెకానిక్ దాన్ని టీవీ పద్ధతిలో 50 హెర్ట్జ్‌కు సరిచేశాడు. ఆటదేమో 59.6.

“గిది నీ కంప్యూటర్‌తోని గాదు” అంటూ ఆయన వెనక్కి వెళ్లి వర్టికల్ హోల్డ్‌ను కొద్దిగా తిప్పాడు. పసుపు టోపీ ముస్తఫా తెర మధ్యలో నిలబడ్డాడు. పై అంచు కాస్త వంగే ఉంది. కుర్రాడు మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచేలోపు మామ చొక్కా జేబులో రూపాయి బిళ్ల కోసం వెతుక్కుంటున్నాడు.