చిరిగిన విషయసూచిక

మొన్న ఆదివారం గోంగూర వలుస్తుంటే మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, కంప్యూటర్‌లో ఏమీ లేదు" అన్నాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడు. విండోస్, ఉబుంటు ఉన్న పాత డెస్క్‌టాప్‌లో మూడోది కూడా వేద్దామని కూర్చున్నాడట. కొత్త పార్టిషన్ టేబుల్ రాయమంటారా అని అడిగితే చదవకుండానే సరే అని నొక్కాడు. 500 జీబీ మొత్తం ఖాళీ అని చూపిస్తోంది.

వాడి ప్రాజెక్టులైతే మళ్లీ చేసుకుంటాడు. 2014లో మా అమ్మ చేత పాడించి రికార్డు చేసిన పెళ్లిపాటలన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ పోయి మూడేళ్లు. ఇంకో కాపీ లేదు. తీసిపెట్టుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో! బద్ధకం.

వాణ్ని బాగా తిట్టాను. "అరిస్తే వస్తాయా?" అన్నారు మావారు. నిజమే, కానీ అప్పుడు అనాల్సిన మాట కాదు.

పై ఫ్లాట్‌లో గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే అబ్బాయి ఉంటాడు. పిలవగానే వచ్చి, "ఆంటీ, దాని తర్వాత ఇందులో ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయలేదు కదా?" అని అడిగాడు. లేదన్నాం. "అయితే చూద్దాం" అన్నాడు.

డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో రాసుకున్న చిన్న పట్టీయే ఈ టేబుల్. మాలాంటి పాత డిస్కుల్లో మొదటి 512 బైట్లలో ఓ 64 బైట్లు, అంతే. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, నాకు ఇలా అర్థమైంది: పుస్తకంలో విషయసూచిక చింపేశారు, లోపలి పేజీలు అలాగే ఉన్నాయి. వాటి మీద కొత్తగా రాస్తేనే ప్రమాదం.

పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాడు. అది డిస్కంతా గాలించి, ఒక్కో భాగం మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి పట్టీని మళ్లీ కడుతుందట. సగంలో కరెంటు పోయింది. నా ప్రాణం లేచిపోయింది. "ఇంతవరకు చదవడమే ఆంటీ, రాయలేదు. ఏం కాదు" అని మళ్లీ మొదలుపెట్టాడు.

దొరికిన భాగాల్లో ఒకటి మేం ఎప్పుడో తీసేసిందట. అందుకే తొందరపడి రాసేయకుండా, ఒక్కోదాంట్లో ఉన్న ఫైళ్లు తెరిచి చూపించాడు. 'అమ్మ పాటలు' కనబడింది. ముందు దాన్ని వేరే డిస్కులోకి కాపీ చేశాకే పట్టీ రాశాడు. రెండు సిస్టమ్‌లూ మళ్లీ లేచేసరికి ఇంకో గంట పట్టిందట. నేను చూడలేదు, పొయ్యి మీద పప్పుంది.

ఆ అబ్బాయికి గోంగూర పప్పుతో భోజనం పెట్టి పంపాను. రాత్రి అప్పగింతల పాట పెట్టుకున్నాను. మధ్యలో కుక్కర్ కూత, "ఆపవే, అన్నం మాడుతోంది" అని అమ్మ కేక. అప్పట్లో ఆ ముక్క కత్తిరించేద్దామనుకున్నాను.

మావాడు పక్కన కూర్చుని, అడగకుండానే రెండో పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాడు.