మొదటి కూతకే ఆట తేలిపోదు

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మొదలైంది. తొలి ఆటే మన తెలుగు టైటాన్స్‌ది. సొంత గడ్డ, సొంత జనం, ఎదుట తమిళ్ తలైవాస్. 35–38తో ఓడిపోయాం. మర్నాడు యూపీ యోధాస్ చేతిలో 35–40తో మళ్లీ ఓడాం. మూడో ఆట సెప్టెంబర్ 4న. ఈలోగా నేను నూజివీడు మామిడి తోటల వైపు బయల్దేరాను. కబడ్డీని పండగలా చూసే పల్లెలు అటు చాలా ఉన్నాయి. ఓడిన జట్టు గురించి అక్కడ ఏమనుకుంటున్నారో వినాలనిపించింది.

విజయవాడ నుంచి వెళ్తుంటే ముందు నున్న వస్తుంది. వేసవిలో లారీలు బారులు తీరే మామిడి మార్కెట్ ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆగిరిపల్లిలో కొండ మీది శోభనాచల స్వామి గుడి దాటితే రోడ్డుకి రెండు పక్కలా తోటలే. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, ఇక్కడివాళ్లు కలెక్టర్ కాయ అనే తోతాపురి. కోతలైపోయి చాలా రోజులైంది. ఎండుకొమ్మలు నరికి, దున్ని, చెట్ల మొదళ్లలో పాదులు చేసి ఎరువులు వేసే పనిలో ఉన్నారు రైతులు. ఈ పని ఎంత బాగా జరిగితే సంక్రాంతి నాటికి పూత అంత బాగుంటుందని వాళ్ల నమ్మకం.

నేను ఆగిన ఊళ్లో వినాయకుడి పందిరి ఇంకా తియ్యలేదు. దాని పక్కన రామాలయం అరుగు మీద పదిమంది కూర్చున్నారు. ఒక ఆటో డ్రైవరు, ఇద్దరు మామిడి రైతులు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, వినాయక చవితికి ఇంటికొచ్చిన నూజివీడు ట్రిపుల్ ఐటీ కుర్రాడు, మరికొందరు. టైటాన్స్ సంగతి ఎత్తగానే ఆటో డ్రైవరు అందుకున్నాడు.

"ఇక ఈ ఏడు కూడా అంతే బాబాయ్. మన రాత అడుగునే రాసుంది."

ఆ మాట వెనక చాలా ఏళ్ల బాధ ఉంది. 2014లో లీగ్ పుట్టినప్పటి నుంచీ టైటాన్స్ ఉంది. రాహుల్ చౌదరి కూతకు వెళ్తుంటే ఊరంతా టీవీల ముందు చేరిన రోజులవి. 2015లో మూడో స్థానం దక్కింది, 2016లో సెమీఫైనల్ ఆడాం. ఆ తర్వాత పడిపోయాం. 2021–22లో 22 ఆటలాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచాం. తర్వాతి సీజన్‌లో రెండు. 2023–24లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నా గెలిచింది రెండే. వరసగా మూడుసార్లు అట్టడుగున మిగిలాం. ఇప్పుడు అదే పవన్ తలైవాస్ కెప్టెన్‌గా విశాఖకు వచ్చాడు, ఆ జట్టే మొదటిరోజు మనల్ని ఓడించింది. ఆటో డ్రైవరు కడుపుమంటకు కారణముంది.

రైతు బాబాయ్ మాత్రం తొణకలేదు. ఆయన చేతివేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు.

"ఎంతతో ఓడాంరా? మొదట మూడు, తర్వాత అయిదు. మూడంటే ఎంత? ఒక ఆలౌట్‌కి వచ్చే రెండు, ఒక బోనస్. అంతే కదా. రెండు ఆటల్లోనూ ముప్పై అయిదేసి కొట్టాం. కూతగాళ్లు వాళ్ల పని వాళ్లు చేశారు. అవతలివాళ్లకి ముప్పై ఎనిమిది, నలభై ఇచ్చాం. జబ్బు కూతలో లేదు, పట్టులో ఉంది. పట్టు కుదిరితే ఇదే జట్టు గెలుస్తుంది."

ఇంత నికార్సయిన విశ్లేషణ నేను టీవీ స్టూడియోల్లో కూడా వినలేదు. పేర్లు, ధరలు, తారల గురించి కాకుండా ఇచ్చిన పాయింట్లెన్ని, తెచ్చిన పాయింట్లెన్ని అని చూశాడాయన. కెప్టెన్ విజయ్ మాలిక్‌నీ, 81 లక్షలు పెట్టి తెచ్చుకున్న భరత్‌నీ తప్పు పట్టాల్సిన పని లేదని, డిఫెన్స్‌కి ఒకరి అడుగు ఒకరికి తెలియడానికి ఇంకొన్ని ఆటలు పడుతుందని తేల్చాడు.

ట్రిపుల్ ఐటీ కుర్రాడు కొత్త నిబంధనల భయం చెప్పాడు. ఇంతకుముందు ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడితే జట్టుకి ఒక పాయింటు దక్కేది. ఈ సీజన్ నుంచి గెలిస్తే రెండు, ఓడితే సున్న. పాత పద్ధతే ఉంటే ఈ రెండు ఓటములకీ చెరొక పాయింటు వచ్చేది. పైగా ఆటలు 22 నుంచి 18కి తగ్గాయి, తప్పు దిద్దుకునే వ్యవధి తక్కువ. "కానీ ఒక మేలుంది మావయ్యా," అన్నాడు వాడే, "ఈసారి మొదటి ఎనిమిది జట్లకీ పై దశలో చోటుంది. పది గెలిస్తే చాలు."

డ్రిల్లు మాస్టారు అంతవరకూ వింటూ కూర్చున్నారు. ఆయన ఒక్క ప్రశ్న వేశారు: "కిందటేడు మొదటి ఆట ఏమైంది?"

గెలిచాం. 2024 అక్టోబర్ 18న గచ్చిబౌలిలో బెంగళూరు బుల్స్ మీద 37–29తో గెలిచి ఊరేగాం. చివరికి 22లో 12 గెలిచి ఏడో స్థానంలో ఆగిపోయాం, అప్పుడు ఆరు జట్లకే పై మెట్టు. "మొదటి గెలుపు మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మొదటి ఓటమి మాత్రం ముంచేస్తుందా?" అన్నారాయన.

కుర్రాడు వెంటనే ఫుట్‌బాల్‌లోకి వెళ్లాడు. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మొదటి ఆటలో సౌదీ అరేబియా చేతిలో 1–2తో ఓడి, చివరికి కప్పు ఎత్తింది. 2010లో స్పెయిన్ కూడా స్విట్జర్లాండ్ చేతిలో 0–1తో మొదలుపెట్టి విజేత అయింది.

"అంత దూరం ఎందుకురా," అన్నారు మాస్టారు. "మన హైదరాబాదు రహీం సాబ్ గురించి చదవలేదా?"

సయ్యద్ అబ్దుల్ రహీం కథ అరుగు మీద అందరికీ తెలియదు. మాస్టారు విడమరిచి చెప్పారు. 1962 జకార్తా ఆసియా క్రీడలకు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఆయనే. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1, జపాన్ మీద 2–0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3–2. థాయ్‌లాండ్‌తో ఆటలో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ముందు వరసలోకి, సెంటర్ ఫార్వర్డ్‌గా మార్చారు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. గ్యాలరీలన్నీ మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే బెనర్జీ ఒకటి, ఆ జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2–1తో బంగారు పతకం. హైదరాబాదులో ఆట నేర్చిన యూసుఫ్ ఖాన్, బలరాం, తంగరాజ్ ఆ జట్టుతో ఉన్నవాళ్లే. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

"ఓడిన రోజు రాత్రి ఆయన జట్టుని తిట్టుకుంటూ కూర్చోలేదు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించాడు," అన్నారు మాస్టారు. టైటాన్స్ కోచ్ కృషన్ కుమార్ హుడా చెయ్యాల్సిందీ అదేనని ఆయన అభిప్రాయం.

రైతు బాబాయ్ తన తోట వైపు చెయ్యి చూపించాడు. "మామిడి ఒక ఏడు విరగ్గాస్తే మరుసటేడు తగ్గుతుంది. కాపు తగ్గిందని చెట్టు కొట్టేస్తామా? ఎండుకొమ్మ తీస్తాం, పాదు చేస్తాం. మనవాళ్లు ఏటా జట్టుని వేళ్లతో సహా పీకి కొత్తది నాటారు. అందుకే కాపు లేదు."

ఆటో డ్రైవరుకి ఇంకో బాధ ఉంది. కెప్టెన్ హర్యానా, భరత్ హర్యానా, కోచ్ హర్యానా, డిఫెన్స్‌లో శుభం షిండే, అజిత్ పవార్ మహారాష్ట్ర. "పేరులోనే తెలుగు. మన కుర్రాళ్లేరీ?" అన్నాడు. దానికి మాత్రం అరుగు మీద ఎవరూ ఎదురు చెప్పలేదు. మాస్టారు లేచి నన్ను ఊరి హైస్కూలుకి తీసుకెళ్లారు.

జవాబు అక్కడ ఉంది. ఎర్రమట్టి నేల మీద ముగ్గుతో గీసిన కోర్టు. వట్టి కాళ్లతో ఎనిమిదో, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆడుతున్నారు. ఒక పిల్ల బోనస్ గీత దాటి, పట్టబోయిన చేతుల కింద నుంచి జారి, మధ్యగీత తాకి వచ్చింది. మోకాలు గీసుకుపోయి రక్తం వస్తోంది, తుడుచుకుని మళ్లీ నిలబడింది. వీళ్లలో మ్యాట్ మీద ఆడినవాళ్లు లేరని మాస్టారు చెప్పారు. మట్టి మీద కాలికి దొరికే పట్టు వేరు, బూట్లు వేసుకుని మ్యాట్ మీద తిరగడం వేరు. జిల్లా పోటీలకు వెళ్లిన మొదటిరోజే ఆ తేడాతో పిల్లలు ఓడిపోయి వస్తున్నారు. వీళ్ల మొదటి ఓటమికి కారణం ఆట కాదు, నేల.

పైగా ఈ పిల్లలు పెద్దయ్యాక ఆడటానికి ప్రో కబడ్డీలో ఆడవాళ్ల లీగే లేదు. 2016లో మూడు జట్లతో ఒకసారి జరిపి ఆపేశారు.

ఆ తర్వాత టైటాన్స్ ఏం చేసిందో పాఠకులకు తెలిసే ఉంటుంది. సెప్టెంబర్ 4న జైపూర్ మీద 37–32తో టైటాన్స్ గెలిచింది. కొట్టినవి దాదాపు అన్నే, ఇచ్చినవి తగ్గాయి. 18 ఆటల్లో సరిగ్గా 10 గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. పై దశలో బెంగళూరునీ, 46–39తో పట్నానీ ఓడించింది. ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో 45–50తో ఆగింది. ఆ రోజు కూడా పాయింట్లు కొట్టడంలో లోటు లేదు, ఇవ్వడంలోనే ఉంది. అరుగు మీది లెక్క చివరిదాకా నిలిచింది. ఇక ఆడవాళ్ల సంగతికొస్తే, లీగ్ లేకపోయినా నవంబర్ 24న ఢాకాలో భారత మహిళల కబడ్డీ జట్టు చైనీస్ తైపీని 35–28తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది.

ఆటని ఇంతగా తెలిసిన ఊళ్లకు మనం బాకీ ఉన్నాం. ఆడవాళ్ల కోర్టుకి కావలసింది 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న మ్యాట్. మండలానికి ఒక హైస్కూల్లోనైనా అది పరచడం రాష్ట్ర క్రీడా సంస్థకి తలకు మించిన పని కాదు. ఈ తోటల నుంచి వెళ్లి విదేశాల్లో స్థిరపడినవాళ్లకీ కాదు. మీరు చదివిన బడి మైదానం ఒకసారి చూసి రండి, అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుణ్ని ఏం కావాలో అడగండి. తెలుగు పేరున్న జట్టులో తెలుగు పిల్లలు కనబడాలంటే పని మొదలవ్వాల్సింది ఆ మైదానంలోనే.