ఊరు పెరిగినంత మాత్రాన

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు కూడితే, వీసా సంగతులు అయ్యాక మాట ఇళ్ల మీదికి మళ్లుతుంది. సెలైనాలో ఎవరు కొన్నారు, ప్రిన్స్‌టన్‌లో ఏ బిల్డరు ఎంత తగ్గిస్తున్నాడు, ప్రాస్పర్‌లో కొత్త బడి ఎక్కడ వస్తోంది. చివరికి అందరూ ఒప్పుకునే మాట ఒకటుంటుంది: "ఈ ఏరియా ఇంకా చాలా పెరుగుతుంది." అది నిజం. 2010లో 64 లక్షలున్న డాలస్–ఫోర్ట్‌వర్త్ జనాభా 2020 నాటికి 76 లక్షలైంది, 2024కి 83 లక్షలు దాటింది. 2017లో మేం సొంతిల్లు కొన్నప్పుడూ, 2022లో అద్దెకివ్వడానికి రెండో ఇల్లు వద్దనుకున్నప్పుడూ నేను ఎక్కువ సేపు ఆలోచించింది ఆ మాట గురించే. ఊరు పెరుగుతుంది, సరే. ఆ పెరుగుదలలో ఇల్లు కొన్నవాళ్లకు దక్కేది ఎంత?

ఇళ్ల గిరాకీ జనాభాను బట్టి కంటే కాపురాలను బట్టి ఉంటుంది. అమెరికా జనగణన శాఖ ఒక ఇంట్లో ఉండేవాళ్లందరినీ కలిపి ఒక కాపురంగా లెక్కేస్తుంది. ఒంటరిగా ఉండే ముసలావిడా ఒక కాపురమే, తాతా మామ్మలతో సహా ఏడుగురున్న ఇల్లూ ఒక కాపురమే. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అర్వింగ్‌లో ముగ్గురం తెలుగమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. లెక్కల్లో మాది ఒకటే కాపురం. నాలుగేళ్లు తిరిగేసరికి ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయి, ముగ్గురం మూడు ఇళ్లలోకి మారాం. 1940లో ఈ దేశంలో ఒక్కరే ఉండే ఇళ్లు నూటికి ఎనిమిది కూడా లేవు, 2020కి అవి నూటికి 28కి దగ్గరయ్యాయి. జనం పెరగడం ఆగినా కాపురాలు పెరగవచ్చు. అద్దెలు మండిపోతే లెక్క తిరగబడి, చదువైన పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతారు, రావలసిన కొత్త కాపురాలు రావు. రాబోయే కాపురాల అంచనా ఏదైనా అద్దెలూ ధరలూ జనానికి అందుతాయన్న నమ్మకం మీదే నిలబడి ఉంటుంది. ఆ అంచనా చూపించి ధరలు పెరుగుతాయని చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

దేశం మొత్తానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గృహనిర్మాణ అధ్యయన కేంద్రం వేసిన అంచనా నన్ను గట్టిగా ఆలోచింపజేసింది. 1990లలో దేశంలో దాదాపు కోటీ 35 లక్షల కాపురాలు పెరిగాయి, 2010లలో కోటి. 2025 నుంచి 2035 వరకు పెరిగేవి 86 లక్షలని, ఆ పై పదేళ్లలో 51 లక్షలేనని ఆ కేంద్రం అంటోంది. కారణం వయసులు. 1946–64 మధ్య పుట్టిన పెద్ద తరంలో మొదటివాళ్లకు 2026లో ఎనభై నిండుతున్నాయి. వాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తాయి. మరోపక్క ఈ దేశంలో పిల్లలు అత్యధికంగా పుట్టిన సంవత్సరం 2007, ఆ ఏడు 43 లక్షల మంది పుట్టారు. 2023లో పుట్టింది 36 లక్షలే. 2007లో పుట్టినవాళ్లకు ముప్పై ఏళ్లొచ్చేది 2037లో. ఆ తరవాత మొదటి ఇల్లు కొనే వయసుకొచ్చే ఇక్కడి పిల్లలు ఏటికేడు తగ్గుతూ పోతారు. ఆ లోటు పూడ్చాల్సింది వలస. అంటే మనలాంటివాళ్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అలాంటి ఒక్క నిర్ణయంతో ఈ అంచనాలు ఎంత అటూ ఇటూ అవుతాయో మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

అయినా దేశం లెక్క వేరు, డాలస్ లెక్క వేరు. ఉన్న పెరుగుదలలో పెద్ద ముక్క టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా, కరొలైనాలకే పోతోంది. ఇక్కడి స్థానిక ప్రభుత్వాల మండలి 2045 నాటికి ఈ ప్రాంత జనాభా కోటీ పది లక్షలు దాటుతుందని లెక్కగట్టింది. ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి పెద్ద నగర ప్రాంతం కనీసం ఇరవై ఏళ్ల రవాణా ప్రణాళిక రాసుకోవాలి. అందుకోసం ఏ పేటలో ఎన్ని కాపురాలొస్తాయో, ఎన్ని ఉద్యోగాలొస్తాయో పేటపేటకీ అంచనా వేస్తారు. ఇల్లు కొనే ముందు నేను ఆ అంచనాల పటాలు చూశాను. అందరూ చూడదగ్గవి. కానీ అవి ఏ రోడ్డు వెడల్పు చెయ్యాలో, ఎటు నీళ్లు తేవాలో తేల్చడానికి వేసినవి. ఇంటి ధర ఎంతవుతుందో చెప్పడం వాటి పని కాదు. పెరుగుదలకు అయ్యే ఖర్చు మాత్రం వాటిలో బాగా కనిపిస్తుంది. ఈ ఉత్తర శివార్ల దాహం తీర్చడానికే ఫ్యానిన్ కౌంటీలో బోడార్క్ చెరువు తవ్వారు. 160 కోట్ల డాలర్లతో కట్టిన ఆ జలాశయం నుంచి 2023లో నీళ్లు మొదలయ్యాయి. ఆ డబ్బు నీటి బిల్లుల్లోంచే రాబట్టుకోవాలి.

మా మామయ్యగారిది నరసరావుపేట. భూమి విషయంలో ఆయన అనుభవం నా చదువు కంటే పెద్దది. 2022లో ఫోన్‌లో అన్నారు:

"అమ్మాయ్, ఊరు ఎటు సాగుతుందో అటు కొనాలి. గుంటూరు రోడ్డులో నేను చేసింది అదే. మీరు అక్కడుండీ ఆలోచిస్తున్నారేం?"

"మామయ్యగారూ, అక్కడ మీరు కొన్నది స్థలం. ఇక్కడ మేం కొనాల్సింది బిల్డరు కట్టిన ఇల్లు. దాని పక్కనే అలాంటివి ఇంకో రెండు వేలు కడుతున్నాడు."

"కట్టనీ. జనం వస్తున్నారుగా?"

"వస్తున్నారు. వచ్చేవాళ్లకి కొత్త ఇల్లు దొరుకుతుంటే మన పాత ఇల్లు ఎక్కువిచ్చి ఎందుకు కొంటారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే అక్కడ భూమికి కరువు లేదన్నమాట" అన్నారు. సరిగ్గా అదే విషయం. 2010లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ సైజ్ అమెరికా నగరాల చుట్టూ ఎంత నేల సముద్రం కిందా నిటారు కొండల కిందా పోయిందో ఉపగ్రహ చిత్రాలతో కొలిచాడు. కట్టడానికి చోటులేని ఊళ్లలో గిరాకీ ధరగా మారుతుంది, చోటున్న ఊళ్లలో కొత్త ఇళ్లుగా మారుతుంది. శాన్‌హోసే చుట్టూ కొండలూ అఖాతమూ ఉన్నాయి. ఆపైన కట్టనివ్వని నిబంధనలు. అక్కడ కాపురాలు నెమ్మదిగానే పెరిగాయి, ఇల్లు మాత్రం పది లక్షల డాలర్లు దాటి ఎక్కడికో పోయింది. డాలస్ ఉత్తరాన ఒక్లహోమా సరిహద్దు దాకా చదునైన నేల. ఫ్రిస్కో 2000లో 33 వేల మంది ఊరు, 2020కి రెండు లక్షలు. అంతమంది వచ్చినా ఇళ్లు కట్టగలిగారు కాబట్టే చాలా ఏళ్లు ధరలు మధ్యతరగతికి అందాయి. ఈ ఊరిని నేను ఇష్టపడేది అందుకే. మనలాంటివాళ్లు ఇక్కడికి వచ్చి నిలదొక్కుకోగలిగింది కూడా అందుకే.

పెరిగే ఊళ్లో ధర పడదన్న భరోసా కూడా లేదు. లాస్‌వేగస్ జనాభా 2000–2010 మధ్య నూటికి నలభైకి పైగా పెరిగింది. అదే ఊళ్లో ఇళ్ల ధరలు 2006 శిఖరం నుంచి 2012 నాటికి సగానికన్నా కిందికి పడ్డాయి. ఆస్టిన్‌ది ఇంకా దగ్గరి కథ. 2010లలో నూటికి 33 మంది పెరిగిన ప్రాంతం అది. 2022 వేసవి తరవాత జనం వస్తూనే ఉన్నారు, కట్టిన ఇళ్లూ అపార్ట్‌మెంట్లూ అంతకన్నా ఎక్కువగా వచ్చిపడ్డాయి, ధరలూ అద్దెలూ రెండూ దిగాయి.

ఇక మా రెండో ఇంటి లెక్క. 2022 వేసవిలో ఒక శనివారం ప్రిన్స్‌టన్ వైపు మోడల్ హోమ్ చూడ్డానికి వెళ్లాం. 380 రోడ్డు మీద బారులు తీరిన బళ్లలో కూర్చుని అక్కడికి చేరేసరికే మధ్యాహ్నమైంది. అమ్మకాల గదిలో గోడంత పటం, దాని మీద రాబోయే బడి, రాబోయే పార్కు, రాబోయే దుకాణాలు. అమ్ముడైన ప్లాట్లకు ఎర్ర చుక్కలు. ధర 3,80,000 డాలర్లు. అద్దెకిచ్చే ఇల్లు కాబట్టి పాతిక శాతం చేతినుంచి పెట్టాలి, అంటే 95,000. మిగతా 2,85,000 అప్పు, 5.75 శాతం వడ్డీ, ముప్పై ఏళ్లు. ఇంటికొచ్చి రాత్రి వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాం. వాయిదా నెలకు 1,663. కొత్త లేఅవుట్లలో రోడ్లకూ పైపులకూ వేసే ప్రత్యేక పన్ను కలుపుకుని ఆస్తిపన్ను రెండున్నర శాతం, నెలకు 790. వడగళ్ల వానల ఊరు కాబట్టి ఇన్సూరెన్స్ 225. కాలనీ సంఘానికి 50. మొత్తం దాదాపు 2,730. చుట్టుపక్కల అలాంటి ఇంటికి వస్తున్న అద్దె 2,300.

నెలకు 430 ఎదురు పెట్టాలి. మొదటి నెల వాయిదాలో అసలు కింద జమయ్యేది మూడు వందలకు కాస్త తక్కువ. దాన్ని పొదుపనుకున్నా ఇంకా 130 నష్టమే. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉండడం, ఏసీ పాడవడం, అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా రంగులు, ఇవేవీ ఇందులో లేవు. సొంత కాపురమున్న ఇంటికి టెక్సస్ ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు అద్దె ఇంటికి రాదు. మా వారు కాగితం తన వైపు తిప్పుకుని, "ధర ఏటా ఐదు శాతం పెరిగితే?" అన్నారు. పెరిగితే లాభమే. కానీ ఆ ఐదు శాతం ఎక్కడినుంచి వస్తుందో ఇద్దరిలో ఎవరం చెప్పలేకపోయాం. పటం మీద ఇంకా ఎర్ర చుక్క పడని ప్లాట్లు వందలున్నాయి. మేం అమ్మబోయే రోజున మాతో పోటీ పడేది ఆ బిల్డరే, వాడు వడ్డీ కూడా తగ్గించి ఇవ్వగలడు. అదీకాక మా ఉద్యోగాలు డాలస్‌లో, సొంతిల్లు డాలస్‌లో, వీసా ఆ ఉద్యోగాల మీద. ఇంకో లక్ష డాలర్లు అదే ఊరి మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం దేశంలోని స్టాక్‌మార్కెట్ కంపెనీలన్నీ ఉండే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేశాం. కొంత పాప చదువు ఖాతాలో పెట్టాం.

ప్రిన్స్‌టన్ పెరుగుదల మాత్రం ఆగలేదు. 2020లో 17 వేల మంది ఉన్న ఊరు 2024 జులైకి 37 వేలైంది. ఆ ఏడాది దేశంలోకెల్లా వేగంగా పెరిగిన పట్టణం అదేనని జనగణన శాఖ ప్రకటించింది. రోడ్లూ నీళ్లూ పోలీసులూ చాలక 2024 సెప్టెంబరులో ఊరి కౌన్సిలే కొత్త ఇళ్ల నిర్మాణాలకు కొంతకాలం అడ్డుకట్ట వేసింది.

మా సొంతిల్లు డాలస్ శివారైన ప్లేనోలో, 1990లలో కట్టింది. 2017లో అదే డబ్బుకు ఇంకా ఉత్తరాన కొత్త ఇల్లు వచ్చేది, ఒక గది ఎక్కువ కూడా. చుట్టూ ఎదిగిన చెట్లు, పూర్తయిన రోడ్లు, ఆఫీసుకు పావుగంట, కట్టాల్సిన పన్నులో లేఅవుట్ అప్పులు లేకపోవడం చూసుకుని ఇటు మొగ్గాం. అయితే ఇక్కడ కాపురాల లెక్క ఇంకో రకంగా కనిపిస్తుంది. మా వీధిలో చాలా ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, తల్లిదండ్రులు ఉండిపోయారు. ఇల్లు ఖాళీ లేదు, కాపురం ఉంది, బడికెళ్లే పిల్లలు లేరు. పెద్దవాళ్లు కదలరు, కొత్త జంటలు ఈ ధర పెట్టలేక ఇంకా ఉత్తరానికి పోతారు. ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లల సంఖ్య పదేళ్లకు పైగా తగ్గుతూ వచ్చింది. 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయాలని బోర్డు తీర్మానించింది. బడి చూసి ఇల్లు కొనే మన తెలుగువాళ్లకు ఇది గుండెల్లో రాయి పడ్డట్టుగా ఉంటుంది. ఒక ఊరికి ఎన్ని కాపురాలు వస్తాయని అడిగేవాళ్లు, అవి ఎంత వయసువాళ్ల కాపురాలని కూడా అడగాలి. ఫ్రిస్కో, ప్రాస్పర్‌లలో ఇప్పుడు బడిపిల్లలతో నిండుగా ఉన్న వీధులు ఇరవై ఏళ్లకు మా వీధిలాగే అవుతాయి.

2021 మొదట్లో వడ్డీలు బాగా పడినప్పుడు ఇంటి అప్పును పదిహేనేళ్లకు, 2.25 శాతానికి మార్చుకున్నాం. 2036లో తీరుతుంది. అప్పటికి పాప చదువు అయిపోతుంది, మేం ఈ ఇల్లు అమ్మి చిన్నది చూసుకోవాలనుకుంటే మా దగ్గర కొనాల్సింది 2007 తరవాత పుట్టిన ఆ చిన్న తరం. అందుకని మా రిటైర్మెంట్ లెక్కల్లో ఇంటి ధర ఏటా ఎంత పెరుగుతుందన్న గడిలో నేను సున్నా వేశాను. మా వారు రెండు శాతమైనా వెయ్యమంటారు. రెండు వేస్తే ఇప్పటి పొదుపు సరిపోతుంది, సున్నా వేస్తే చాలదు. సున్నానే ఉంచి, ఈ ఏడాది ఇద్దరి జీతాల్లోంచి 401కె రిటైర్మెంట్ ఖాతాలో వేసేది రెండు శాతం పెంచాం.