పాలకాయతిప్ప: పిల్లి, వుజూ నీరు
కృష్ణానది సాగరంలో కలిసే హంసలదీవి చెంత, దివిసీమ అంచున ఉన్నది పాలకాయతిప్ప. ఆ తీరపు మడ అడవుల్లో బావురుపిల్లి నీట దిగి చేపలు పడుతుంది. చేపల వాసనకు ఇంటి పిల్లులూ గడప విడువవు. సముద్రం పక్కన మంచినీటి బిందె అమూల్యం. మరి పిల్లి మూతిపెట్టిన నీటితో వుజూ చేయవచ్చునా?

హజ్రత్ అబూ ఖతాదా (రజి) తమ వుజూ పాత్రను పిల్లికి వంచి పట్టారు. అది అశుద్ధం కాదనీ, మన చుట్టూ తిరుగాడే ప్రాణి అనీ దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు.

అయితే దాని మలమూత్రాలు అశుద్ధమే. కనుక స్నానాల గదిలో వుజూ పీట ఎత్తుగా, ఇసుక పళ్లెం నీరు చేరని మూలన ఉండాలి. నేల గరుకుగా ఉంటే వృద్ధులు జారరు. ఫినాయిల్ పిల్లికి విషం, వాడకండి. బకెట్లకు మూతలుంచి, పిల్లికి వేరే చిప్పలో నీరు పెట్టండి.