ఊరిపేరు మోసే పాములు

శాన్ ఆంటోనియో నుంచి పడమటికి పోయే 90వ నంబరు రోడ్డు డెల్ రియో పట్నం దాకా, అంటే సుమారు 150 మైళ్లు, మామూలు రోడ్డే. పొలాలు, పశువుల దొడ్లు, పెట్రోలు బంకులు. డెల్ రియో దాటాక ఇహ మనిషి జాడ పల్చబడుతుంది. తెల్లటి సున్నపురాతి నేల, మోకాలెత్తు ముళ్లపొదలు, తక్కినదంతా ఆకాశం. మధ్యలో పీకస్ నది మీద ఓ వంతెన వస్తుంది. నీటికి 273 అడుగుల పైన కట్టారు. మా మేనల్లుడు కారు ఆపి, "దిగి చూడు మామయ్యా" అన్నాడు. చూశాను. రెండోసారి చూడమంటే మటుకు చూడను.

ఆ వంతెన దాటాక వచ్చే ఊరు లాంగ్‌ట్రీ. ఊరంటే మనం అనుకునే ఊరు కాదు. రయో గ్రాండే నది ఒడ్డున విసిరేసినట్టున్న కొద్దిపాటి ఇళ్లు. అవతలి గట్టు మెక్సికో. ఇక్కడ లోగడ రాయ్ బీన్ అనే ఆయన ఒకే కప్పు కింద సారా దుకాణమూ నడిపాడు, న్యాయస్థానమూ నడిపాడు. లిల్లీ లాంగ్‌ట్రీ అనే ఆంగ్ల నటి మీద ఆయనకు వల్లమాలిన అభిమానం. ఊరికి ఆమె పేరు తానే పెట్టానని చెప్పుకునేవాడు. తీరా చూస్తే, ఇక్కడ రైలుపట్టాలు వేయించిన జార్జి లాంగ్‌ట్రీ అనే ఇంజనీరు పేరే ఊరికి వచ్చిందంటారు. బీన్ 1903లో పోయాడు. ఆ నటి ఊరు చూడడానికి వచ్చింది 1904లో! ఆ సారా దుకాణాన్ని ప్రభుత్వం పదిలంగా ఉంచింది. పక్కనే నాగజెముడు మొక్కల తోట.

అయితే మేము వెళ్లింది న్యాయమూర్తి గారి కోసం కాదు, పాము కోసం.

మా మేనల్లుడి కూతురికి పన్నెండేళ్లు. రెండేళ్లుగా పాము కావాలని ఒకటే పోరు. వాళ్లమ్మ మొదట ససేమిరా అంది. చివరికి రెండు షరతుల మీద దిగివచ్చింది: పాముకు విషం ఉండకూడదు, అది వంటింటి ఛాయలకు రాకూడదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి, మళ్లీ ఏడాది దాకా పాము ఊసు తలవని ఇంట్లో పుట్టిన పిల్ల ఆవిడ. ఆమాత్రం దిగిరావడమే గొప్ప.

ఆ పిల్ల ఎంచుకున్నది కింగ్‌స్నేక్. ఈ పేరు వినగానే మనవాళ్లకు రాచనాగు గుర్తుకొస్తుంది. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. రాచనాగు మహా విషసర్పం. వీటికి విషమే లేదు. ఈ జాతిలో కొన్ని తోకతో గిలక్కాయ చప్పుడు చేసే ర్యాటిల్ పాముల్ని సైతం మింగి హరాయించుకుంటాయి. వాటి విషం వీటిని ఏమీ చేయలేదు. అందుకే రాజు అన్నారు కాబోలు. లాంగ్‌ట్రీ ప్రాంతంలో ఉండేది బూడిదపట్టీల రకం. మూడడుగుల పొడవు, సన్నటి ఒళ్లు, ఉబ్బెత్తు కళ్లు. పగలంతా సున్నపురాతి నెర్రెల్లో పడుకుని, వేసవి రాత్రుల్లో బల్లుల కోసం బయటికొస్తుంది. కొండను తొలిచి రోడ్డు వేసినచోట్ల ఇరుపక్కలా నిలువుగా రాతిగోడలు మిగులుతాయి కదా, ఆ గోడల మీదే దీన్ని వెతుకుతారు. చీకటి పడ్డాక చేతిలో దీపం పట్టుకుని గోడ వెంబడి అంగుళం అంగుళం చూస్తూ నడిచేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వారం రోజులు నడిచి ఒక్కటీ కనపడక తిరిగి పోయేవాళ్లే ఎక్కువ. 2007లో రాష్ట్రం ఈ రోడ్డుపక్క వేటను నిషేధించింది. 2011లో మళ్లీ అనుమతించింది కాని, లైసెన్సు మీద ప్రత్యేకమైన స్టాంపూ, వెలుతురు పడితే మెరిసే చొక్కా ఉండి తీరాలి.

ఈ పాము కథలో నన్ను పట్టేసింది దాని రంగుల తగాదా. 1901లో బ్రౌన్ అనే ఆయన డేవిస్ కొండల్లో దొరికిన పామును చూసి, బూడిదరంగు ఒంటి మీద సన్నటి నల్లపట్టీలున్నాయని రాసి, ఓ కొత్త జాతిగా పేరు పెట్టాడు. 1950లో ఫ్లరీ అనే ఆయన ఇదే పడమటి టెక్సాస్‌లో మరో పామును వర్ణించాడు. దాని ఒంటి మీద గుర్రపు జీనుల్లాగా వెడల్పాటి నారింజరంగు పట్టీలు. పక్కపక్కన పెడితే ఒకటి విధవరాలి చీరలాగా, ఒకటి పెళ్లిచీరలాగా ఉంటాయి. రెండూ వేర్వేరు జాతులని పుస్తకాల్లోకి ఎక్కాయి. ఇరవయ్యేళ్లు అలాగే చదువుకున్నారు. ఆ తర్వాత ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి ఆ పిల్లలూ, ఈ పిల్లలూ కలిసి బయటికొచ్చాయి! 1970లో టాంజర్ అనే ఆయన ఆ సంగతి ప్రకటించాక, రెండు జాతులూ ఒకే జాతి అయిపోయాయి.

ఇలాంటిదే కాలిఫోర్నియాలో అంతకు ముందే జరిగింది. అక్కడి కింగ్‌స్నేకుల్లో కొన్నిటికి అడ్డపట్టీలు, కొన్నిటికి వెన్ను పొడుగునా నిలువుచార. వాటినీ రెండు జాతులనే అనుకునేవారు. శాన్ డియేగోలో క్లాబర్ అని ఒకాయన ఉండేవాడు. వృత్తి కరెంటు కంపెనీలో, ప్రాణమంతా పాముల మీద. ఒకే కాన్పు గుడ్లలోంచి రెండు రకాలూ వస్తాయని ఆయన 1936లో రుజువు చేశాడు. రంగును చూసి వంశం చెప్పడం ఎంత ప్రమాదమో చూశారా!

రంగు నమ్మదగింది కాదని తేలాక పెంపకందార్లు ఊరిని పట్టుకున్నారు. ఇప్పుడు ఈ బూడిదపట్టీల పాముకు ఇంటిపేరు దాని ఊరే: లాంగ్‌ట్రీ పాము, జూనో రోడ్డు పాము, బ్లాక్ గ్యాప్ పాము. లాంగ్‌ట్రీ మగదాన్ని లాంగ్‌ట్రీ ఆడదానితోనే కలుపుతారు. తాతముత్తాతలు ఏ రాతిగోడ మీద, ఏ ఏడు పట్టుబడ్డారో చీటీ ఉంటుంది. సంబంధాలు చూసే మన పెద్దలు కూడా ఇంత పట్టింపుగా ఉంటారని నేననుకోను. చీటీ ఉన్న పిల్లకు ఒక ధర, లేనిదానికి అందులో మూడోవంతు.

మేము కలవాల్సిన పెద్దాయన డెల్ రియోలో ఉంటాడు. బడిపంతులుగా పనిచేసి విరమించాడు. డెబ్బయి దాటాయి. మోకాళ్లు అరిగి రాతిగోడల దగ్గరికి పోవడం మానేశాడు. భార్యకు జబ్బు, వైద్యం ఖర్చుకు పాముల్ని ఒక్కొక్కటిగా అమ్మేస్తున్నాడు. వెనకగదిలో గోడ పొడుగునా సొరుగుల బీరువా. ఒక్కో సొరుగులో ఒక పాము, ఒక నీళ్లగిన్నె, దాక్కోవడానికి చిన్న డబ్బా. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పిల్ల మాత్రం సొంతింట్లోకి పోయినట్టు లోపలికి పోయింది.

ఆయన రెండు పిల్లల్ని చేతిలోకి తీశాడు. పెన్సిలంత లావున్నాయి. ఒకటి బూడిదా నలుపూ, రెండోది మండుతున్న నారింజ. "ఒకేరోజు ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చాయి" అన్నాడు. పుస్తకంలో చదివిన సంగతి అరచేతిలో కదులుతూ ఉంటే చూడడం వేరు సుమండీ.

పిల్ల వెంటనే, "ఇవి లాంగ్‌ట్రీవేనా?" అని అడిగింది.

ఆయన సొరుగు మూసి కూర్చున్నాడు. తండ్రిపాము లాంగ్‌ట్రీదే, 1998 జూన్‌లో ఆయన స్వయంగా ఆ ఊరికి ఇవతల రాతిగోడ మీద పట్టిన దాని మనవడు. అందులో అనుమానం లేదు. తల్లిని మాత్రం ఇంకొకరి దగ్గర కొన్నాడు. లాంగ్‌ట్రీ అనే చెప్పి ఇచ్చాడట అతను. చీటీ తర్వాత పంపిస్తానన్నాడు. పంపకుండానే కాలం చేశాడు. "చెప్పాడు. కాని నేను చూడలేదు" అన్నాడు పెద్దాయన.

ఆ ముందువారమే ఒక వ్యాపారి వచ్చి, చీటీ మీద లాంగ్‌ట్రీ అని ఒక్క మాట రాసిస్తే పిల్లలన్నిటినీ పూర్తి ధరకు తీసుకుపోతానన్నాడట. ఆ డబ్బు ఆయనకు ఎంత అవసరమో పక్కగదిలోంచి వినిపిస్తున్న దగ్గు చెబుతూనే ఉంది. "రాయలేదా?" అన్నాడు మా మేనల్లుడు. "ఎలా రాస్తాను? వాటిని తీసుకెళ్లి నిజమైన లాంగ్‌ట్రీ పాములతో కలుపుతాడు. ఆ పిల్లలకు నా చీటీ చూసి ఇంకో చీటీ రాస్తాడు. పదేళ్లయ్యాక ఎవడు విడదీస్తాడు?" అన్నాడు.

అదే గదిలో కాలిఫోర్నియా రకమూ ఉంది. అందులో రంగులేని తెల్లటివి కొన్ని. ఇక్కడ చిక్కు మరో రకం. ఆ తెల్లతనం తల్లినుంచీ తండ్రినుంచీ రెండువైపులా వస్తేనే పైకి కనబడుతుంది. ఒకవైపునుంచే వస్తే లోపల దాగి ఉంటుంది. దాన్ని దాచుకున్న జంటకు సగటున నాలుగింట ఒకటి తెల్లది పుడుతుంది, రెండింటిలో గుణం దాగుంటుంది, ఒకదానిలో అసలుండదు. తెల్లది సరే. మిగతా మూడూ చూపుకు ఒక్కలాగే ఉంటాయి! అందుకని వాటి చీటీ మీద "66 శాతం అవకాశం" అని రాసి అమ్ముతారు. పామును కొని, పెంచి, జతకట్టించి, గుడ్లు పగిలేదాకా ఆగితే గాని కొన్నదేమిటో తెలియదు.

"అమ్మలేకపోతే వదిలేయొచ్చుగా?" అన్నాను, నా ధోరణిలో. ఆయన గ్రాన్ కనారియా దీవి సంగతి చెప్పాడు. స్పెయిన్‌కు చెందిన ఆ దీవిలో ఎవరో పెంచుకున్న కాలిఫోర్నియా కింగ్‌స్నేకులు బయటపడ్డాయి. 1998లో మొదటిసారి అడవిలో కనిపించాయి. వాటిలో తెల్లవీ ఉన్నాయి, నిలువుచారవీ ఉన్నాయి. అంగడిలో అమ్మే రకాలే అని చూడగానే తెలుస్తుంది. దీవిలో పాములు ఎన్నడూ లేవు. పాపం, అక్కడి పెద్ద బల్లులకు పామంటే భయమే తెలియదు. పాములు చేరినచోట ఆ బల్లుల్లో నూటికి తొంభై పైగా మాయమయ్యాయి. ఇహ నేను మాట్లాడలేదు.

పిల్ల బూడిదరంగుదాన్ని ఎంచుకుంది. నారింజది అందరూ అడుగుతారు, దీన్ని ఎవరూ అడగరని దాని కారణం. పెద్దాయన చీటీ రాసిచ్చాడు. పంతులుగారి దస్తూరీ, ముత్యాల్లా ఉంది: తండ్రి, లాంగ్‌ట్రీ. తల్లి, ఊరు తెలియదు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు మా వాడు కొంచెం ఎక్కువే ఇచ్చాడు. ఆయన మళ్లీ లెక్కపెట్టి, ఎక్కువైంది తిరిగి ఇచ్చి, దానికి బదులు కాగితంలో చుట్టిన చిన్న పొట్లం ఒకటి పిల్ల చేతిలో పెట్టాడు. దాని ఉపయోగం చెవిలో చెప్పాడు.

ఇంటికొచ్చాక ఆ పాము పన్నెండు రోజులు ఏమీ ముట్టలేదు. మంచులో గడ్డకట్టిన ఎలుకపిల్లల్ని కరిగించి పెడితే మూతి తిప్పుకునేది. అడవిలో దీని పిల్లలు బల్లుల్నే తింటాయి. ఎలుక తిండేనని వాటికి తోచదు. పదమూడో రోజు పిల్ల పొట్లం విప్పింది. అందులో ఉన్నది ఎండిన బల్లితోక. దాన్ని తడిపి, ఎలుకపిల్ల మూతికి రుద్ది, సొరుగులో పెట్టి దీపం ఆర్పింది. పొద్దున్నకి ఎలుక లేదు.

పిల్ల కేకకు ఇల్లంతా లేచింది. వాళ్లమ్మ కూడా వచ్చి, దూరం నుంచే చూసి, "పోన్లే, తిన్నదిగా" అంది. కాసేపాగి, "ఆ తోక ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావే?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లోనమ్మా. పచ్చళ్ల వెనకాల."